మడత మీద కాలు

“నాన్నని డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. రాతిగుండు ఎత్తడం వ్యాయామం కాదేటి గురువుగారూ?” అని పోలినాయుడు అడిగాడు. కసరత్తులు నేర్పే తాలింఖానా వాకిట్లో, నలుగురికీ వినపడేలా అడిగాడు. మా ఊళ్లో ఎవరూ జవాబు కోసం ప్రశ్న అడగరు.

గురువు కన్నంనాయుడు అప్పటికే మండిపోతున్నాడు. పోలినాయుడి తండ్రి సూరప్పకి బీపీ ఉంది. ఆయన్ని రోజూ కాలవ గట్టు మీద చెమట పట్టేదాకా నడవమనీ, అది అలవాటయ్యాక ఊపిరి వదులుతూ చిన్న సంగిడి రాళ్లు ఎత్తమనీ గురువే చెప్పాడు. సూరప్ప కొన్నాళ్లు నడిచాడు. “పింఛను కోసం తిరుగుతున్నావేటి సూరప్పా?” అని ఊరంతా పలకరించింది. ఊరికి అంతకంటే పనేముంది? తండ్రి నడిస్తే కొడుకు పరువు పోయింది. జాతరలో నాన్నచేత పెద్ద గుండు ఎత్తిస్తానని పోలినాయుడు టీకొట్టు టీకొట్టుకీ చెప్పుకొచ్చాడు.

మా జాతరలో గుండెత్తినవాడు దాన్ని దింపేదాకా ఊపిరి వదలకూడదు. వదిలితే ఎత్తినట్టు కాదు. ఆ నియమం పెట్టినవాళ్లెవరో తెలియదు గానీ, గుండెత్తినవాళ్లు మాత్రం అయ్యుండరు.

ఆ ఉదయం తాలింఖానాలో సూరప్ప జాతర పద్ధతిలోనే ఊపిరి బిగబట్టి గుండు ఎత్తాడు. మొహం కందిపోయింది, మెడనరాలు తాళ్లలా లేచాయి. దింపాక కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. కొడుకు చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. అది చూసి కోప్పడిన గురువుని పోలినాయుడు అడిగిన ప్రశ్నే పైన చెప్పింది.

గురువు పోలినాయుడి జబ్బ పట్టుకుని వాళ్ల వంగతోటకి ఈడ్చుకుపోయాడు. వెనకాలే సూరప్ప ఆగి ఆగి వచ్చాడు. మేమూ వెళ్లాం. పనులున్నవాళ్లమే ముందు వెళ్లాం.

“మోటారు వెయ్యరా.”

పోలినాయుడు వేశాడు. గురువు నీళ్ల పైపుని మధ్యలో మడిచి, మడత మీద కాలేసి, ఒళ్లు బరువంతా మోపి నిలబడ్డాడు. పైపు ఉబ్బింది. మోటారు మోత మారింది. జాయింటు దగ్గర నీళ్లు చిమ్మాయి.

“కాలు తియ్యండి గురువుగారూ! మోటారు పోతాది!”

“బలం రానీరా. వ్యాయామం కదా!”

“పైపు పగిలిపోతాదండీ బాబూ!”

“చప్పట్లు కొట్టవేం? కొట్టు!” అని గురువు అరిచిన అరుపుకి పక్క చేలో ఎద్దులు కూడా ఇటు తిరిగాయి.

పోలినాయుడు బురదలో మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో గురువు కాలు పట్టి లాగేశాడు. అది పాదాభివందనం కాదు. మడత విచ్చుకుంది, మోటారు నెమ్మదించింది. నీళ్లు చివరి సాలుదాకా చక్కగా పారాయి.

“అయితే రాళ్లు మానిపించమంటారా?” అన్నాడు పోలినాయుడు, మొహం తుడుచుకుంటూ.

“రాళ్లని నేనేమన్నానురా? ఊపిరి మీద కాలు తియ్యమంటున్నాను.”

సూరప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయాసం ఇంకా తగ్గలేదు. కొడుకు అటు చూడగానే, ఏమీ లేదన్నట్టు నవ్వాడు.

గురువు పంచె అంచు పిండుకున్నాడు.

“మోటారు గనక అరిచింది,” అన్నాడు. “మీ నాన్న గుండె అరవదు.”