దారాలైన కొత్తిమీర ఆకులు

ఒకప్పుడు కొత్తిమీరకి కింది నుంచి కొసదాకా వెడల్పాటి ఆకులే ఉండేవి. అప్పటికింకా అది పూసి ఎరగదు. ధనియం అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. ఊరంతటికీ ఉన్నది ఒక్కటే మొక్క. అది అసిరమ్మ పెరట్లో, నూతి పక్క మడిలో ఉండేది.

అసిరమ్మ దాన్ని ప్రాణంగా చూసుకునేది. పొద్దున్నే నీళ్లు పోసేది. ఎండ తగలకుండా తాటాకు అడ్డం పెట్టేది. ఆ తర్వాత గోటితో పుటుక్కుమని ఆకులు తుంచుకుపోయేది, చారులోకి, చేపల పులుసులోకి. ఇరుగుపొరుగు అడిగితే తలా రెండు రెమ్మలు ఇచ్చేది.

ఒక ఏడు చలికాలం వెళ్లిపోతుండగా మొక్క నడిమి నుంచి ఒక కాడ లేచింది. కాడ చివర తెల్లటి మొగ్గలు. అసిరమ్మ చూసి ఆ కాడ తుంచేసింది.

"ఎందుకు తుంచావమ్మా?" అని అడిగింది కొత్తిమీర.

"పూతకొస్తే ముదిరిపోతావు. ముదిరితే ఎండిపోతావు. నీకేటి తక్కువ సేసాను? ఆకులెయ్యి, సాలు."

"ఒక్కసారి పూస్తానమ్మా. నాకు పిల్లలు కావాలి."

"నువ్వు సచ్చిపోతే నానేటి సేసేది? కుదరదు."

వారం తిరక్కుండా కొత్తిమీర ఇంకో కాడ లేపింది. అసిరమ్మ తుంచింది. మళ్లీ లేపింది, మళ్లీ తుంచింది. అలా ఏడు కాడలు పోయాయి.

ఇక కొత్తిమీర అమ్మని బతిమాలడం మానేసింది. తలెత్తి సూర్యుణ్ని పిలిచింది.

"సూరీడు తాతా, కాస్త గట్టిగా కాయి. నేను లేవాలి."

"గట్టిగా కాస్తే వెడల్పాటి ఆకులు వాడిపోతాయే పిల్లా," అన్నాడు సూర్యుడు.

"అయితే నాకు ఆ వెడల్పే వద్దు. అమ్మ గోటికి దొరికేది అదే కదా."

సూర్యుడు గట్టిగా కాశాడు. తాటాకు ముడుచుకుపోయి పక్కకి ఒరిగింది. కింది వెడల్పాటి ఆకులన్నీ వాడి రాలిపోయాయి. కొత్తిమీర ఎనిమిదో కాడ లేపింది. ఆ కాడ మీద వేసిన ప్రతి ఆకునీ చీల్చుకుంది. చీలికని మళ్లీ చీల్చింది. ఒళ్లంతా మండిపోతున్నా, ఆకు దారప్పోగంత సన్నబడేదాకా ఆపలేదు.

తెల్లారి అసిరమ్మ వచ్చి ఆకుల కోసం చెయ్యి పెట్టింది. వేళ్లకి నాలుగు పోగులు తప్ప ఏమీ రాలేదు.

"ఇదేటి, ఇలాగైపోనావు?"

"నేనే చేసుకున్నాను. కాడ తుంచుకో, మళ్లీ లేస్తాను. ఆకు మాత్రం ఇంక ఇవ్వను."

అసిరమ్మ కాడ మీద గోరు ఆనించింది. కొత్తిమీర కదల్లేదు.

"సచ్చిపోతావే," అంది అసిరమ్మ మెల్లగా.

"తెలుసు."

అసిరమ్మ చెయ్యి తీసేసి, మడి గట్టు మీద కూలబడింది.

ఆ రోజు నుంచి నీళ్లు పోసింది గానీ ఏమీ తుంచలేదు. చారు వాసన లేకుండానే తిన్నది. కొత్తిమీర తెల్లగా గొడుగులు విప్పినట్టు పూసింది. తేనెటీగలు ముసిరాయి. పచ్చటి గుండ్రటి కాయలు వచ్చాయి, గోధుమ రంగుకి తిరిగాయి. మొక్క నిలువునా ఎండి ఒరిగిపోయింది.

అసిరమ్మ ఏడుస్తూనే కాయలన్నీ కొంగులోకి దులుపుకుంది. ఎండలు తగ్గి చల్లబడ్డాక వాటిని మడిలో చల్లుదామని అరచేతుల మధ్య నలిపితే ఒక్కోటీ రెండు బద్దలైంది. చల్లి నీళ్లు పోసింది. రెండు వారాలకి మడి నిండా మొలకలు లేచి, వెడల్పాటి లేత ఆకులు వేశాయి. కోయడానికి అసిరమ్మకి చెయ్యి రాలేదు.

"కోసుకో అమ్మమ్మా," అన్నాయి మొక్కలు. "కాడ లేచేదాకా ఆకులన్నీ నీవే. ఆ తర్వాత మా మీద చెయ్యి వెయ్యకు."

అప్పటినుంచే కొత్తిమీరకి కింది ఆకులు వెడల్పుగా, పై ఆకులు దారాల్లా ఉంటున్నాయి. ఎండ ముదిరితే చాలు, ఎన్ని నీళ్లు పోసినా, ఎవరెంత బతిమాలినా వినదు. కాడ లేపుతుంది, పూసి తీరుతుంది.