ఏడు పాటల గురివింద గింజలు

సారంకోన అని ఒక అడవి. సారపప్పు చెట్లు ఎక్కువ కాబట్టి ఆ పేరు. అక్కడ ఉడుతలు, కుందేళ్లు, గిజిగాళ్లు, వడ్రంగిపిట్టలు, ఇంకా బోలెడు జీవాలు ఉండేవి. అందరి పేర్లూ చెబుతూ కూర్చుంటే కథ రేపటికి గానీ మొదలవదు. ముగ్గురిని గుర్తుపెట్టుకోండి చాలు.

మొదటిది చారులత అనే ఉడుత. దానికి ముగ్గురు పిల్లలు. ఎండాకాలమంతా సారకాయలు ఏరి తొర్రలో దాచేది. వానలు పట్టుకుంటే ఆ కోనలో నెలన్నర పాటు బయటికి వెళ్లే వీలుండదు. ఆ కాయలే వాళ్లకు తిండి. ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల పప్పు లేకపోతే విసిరి పారేసేది. "నన్ను మోసం చేసే కాయ ఇంకా పుట్టలేదు," అని దానికి భలే గర్వం.

రెండోది రెల్లమ్మ అనే ఆడ గిజిగాడు. గిజిగాళ్లకు ఒక పద్ధతి ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపేస్తుంది. ఆడపిట్ట వచ్చి, దాని మీద వాలి, పోచలు ముక్కుతో పట్టి లాగి చూసి, సరే అంటేనే మిగతా సగం అల్లుతుంది. రెల్లమ్మ ఆ ఏడు అప్పటికే రెండు గూళ్లు వద్దంది.

"పాపం మా అన్నయ్య! ఎన్నిసార్లు అల్లిస్తావే వదినా?" అని చారులత ఆటపట్టించింది.

"నా గుడ్లు వేలాడేది అందులోనే కదా వదినా. లాగి చూడకపోతే ఎలా?" అంది రెల్లమ్మ.

ఇక మూడోది పలుకులయ్య అనే గోరింక. ఊళ్లో ఒక సెల్‌ఫోన్ల కొట్టు పైకప్పు సందులో రెండేళ్లు కాపురం ఉండి, ఆ వేసవిలోనే అడవికి తిరిగొచ్చింది. ఎవరి గొంతయినా సరే, అచ్చం దించేస్తుంది.

ఒక ఉదయం అది ఏడు గురివింద గింజలు తెచ్చి బండ మీద పేర్చింది. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. అడవి అంతా చుట్టూ మూగింది.

"ఊళ్లో జనం సెల్‌ఫోన్లలో ఏం చేస్తున్నారో తెలుసా? ఇంకా మొదలవని ఆటలో పాటలు ముందే కొనేసుకుంటున్నారు! మనమూ ఆడదాం. ఒక్కో గింజలో ఒక్కో పిట్ట పాట ఉంది. సారకాయలిచ్చి కొనుక్కోండి. తొలి వాన పడ్డ రోజున ఆట మొదలు. ఆ రోజు గింజలు పాడతాయి. ఏడూ ఎవరి దగ్గరుంటే వాళ్లే పాటల రాజు. ఆ పాటలు వినాలంటే అందరూ వాళ్లకు కాయలు ఇచ్చుకోవాలి," అంది పలుకులయ్య.

"గింజలో పాట ఎలా ఉంటుంది?" అని కుందేలు అడిగింది.

పలుకులయ్య ఒక గింజను కాలితో పట్టుకుని పైకెత్తింది. వెంటనే కోకిల పాట వినబడింది. అబ్బ, ఎంత తీయగా ఉందో! అందరూ నోరెళ్లబెట్టారు.

రెల్లమ్మకూ ఆశ లేకపోలేదు. అది దగ్గరికొచ్చి గింజను నాలుగు వైపులా తిప్పి చూసింది.

"బాగుందయ్యా. ఈసారి నువ్వు నోరు మూసుకుని వినిపించు," అంది.

పలుకులయ్య తడబడింది. "ఆట మొదలవకుండా గింజ పాడదు."

"అయితే మొదలయ్యాకే కొంటాను. అప్పుడు పదింతలు అడిగినా ఇస్తాను."

"అప్పటికి మిగలవు!"

"మిగలకపోతే పోనీలే," అంది రెల్లమ్మ.

చారులతకు మాత్రం మనసు ఆగలేదు. ఒక గింజ తీసుకుని అలవాటుగా చెవి దగ్గరికి పెట్టుకోబోయింది.

"అయ్యయ్యో అక్కా, ఊపకు! ఊపితే పాట చెదిరిపోతుంది," అని పలుకులయ్య ఆపేసింది. జీవితంలో మొదటిసారి చారులత ఊపకుండా ఒక గింజను చంకన పెట్టుకుంది. అక్కడే వచ్చింది చిక్కంతా!

కొన్నవాళ్లకు అనుమానం రాకుండా ఒక ఏర్పాటు కూడా ఉంది. ఎవరు గింజ కొన్నా వడ్రంగిపిట్ట నూరు చెట్ల మీద వాళ్ల పేరు చెక్కేది. ఒక చెట్టు మీద ఎవరైనా చెరిపినా తొంభై తొమ్మిది చెట్లు సాక్ష్యం చెబుతాయి. వడ్రంగిపిట్ట చాలా నిజాయితీ గలది. అది చెక్కిన పేర్లలో ఒక్కటి కూడా అబద్ధం కాదు.

చారులత ఒకటి కొంది, రెండు కొంది. పది రోజుల్లో ఆరు కొంది. తొర్రలో కాయలు అడుగుకు దిగాయి.

రెల్లమ్మకు ఊరుకోబుద్ధి కాలేదు. నేరుగా కోకిల దగ్గరికే వెళ్లి అడిగింది.

"నా పాట అమ్ముతున్నారా? నన్నెవరూ అడగనే లేదే!" అని కోకిల ఆశ్చర్యపోయింది.

రెల్లమ్మ రివ్వున వచ్చి ఆ మాట చెప్పింది. చారులతకు ఒళ్లు మండింది.

"నీకు కుళ్లు వదినా! నూరు చెట్లు చూడు. ప్రతి చెట్టు మీదా నా పేరే ఉంది. అదంతా అబద్ధమా?"

"అబద్ధం కాదు వదినా. గింజ నీదేనని చెట్లు చెబుతున్నాయి. గింజలో పాట ఉందని ఏ చెట్టు చెప్పింది? ఉన్న కాయలైనా పిల్లలకు దాచు."

చారులత వినలేదు. ఏడో గింజ వానకోయిల పాట. వానకోయిల అప్పటికి ఆ అడవికి రానే లేదు. వానలతోనే వస్తుంది. "అందుకే దీని ధర ఎక్కువ అక్కా," అంది పలుకులయ్య. తొర్రలో మిగిలిన కాయలన్నీ ఊడ్చి ఇచ్చేసింది చారులత.

తొలి వాన పడింది. అడవి అంతా బండ దగ్గర చేరింది. చారులత తడుస్తూనే ఏడు గింజలూ పేర్చింది. పిల్లలు ముగ్గురూ చెవులు రిక్కించి కూర్చున్నారు.

గింజలు పాడలేదు. ఎంతసేపు చూసినా పాడలేదు. పలుకులయ్య కోసం వెతికితే అది ఉండే కొమ్మ కింద సారకాయల తొక్కలు మాత్రం కనబడ్డాయి. గోరింక తెల్లవారకముందే ఊరి దారి పట్టింది.

అంతలో చెట్టు చిటారు కొమ్మ మీద అప్పుడే వచ్చిన వానకోయిల గొంతెత్తి పాడింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కోనంతా వింది.

చిన్నపిల్ల తల్లి తోక పట్టుకు లాగింది. "అమ్మా, ఇది మనం కొన్న పాటే కదా! మరి అందరికీ వినబడుతోందేం?"

చారులత ఒక గింజను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. పాట లేదు. పోనీ కొరికి తిందామా అంటే గురివింద గింజ విషం.

ఆ నెలన్నరా చారులత జోరువానలో చిగుళ్ల కోసం, బెరడు కోసం తిరిగింది. రెల్లమ్మ తనకు గడ్డిగింజలు దొరికినప్పుడల్లా నాలుగు తెచ్చి పిల్లల నోట్లో పెట్టి పోయేది. అలా ముగ్గురూ బతికి బట్టకట్టారు. రెల్లమ్మ లాగి చూసి ఒప్పుకున్న మూడో గూడు మాత్రం అంత గాలివానలోనూ ఒక్క పోచ జారకుండా నిలబడింది.

వానలు వెలిశాక చూస్తే నూరు చెట్ల మీదా చారులత పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఏడు గింజలూ దానివే. ఎవరూ కాదనలేదు.

నీతి: వస్తువు నీదేనని వందమంది సాక్ష్యం చెప్పినా, లోపల సరుకుందో లేదో నువ్వే చూసుకోవాలి, చూడనివ్వని బేరానికి చేయి చాచకూడదు.