ఆగే గన్ను

అన్యాయం జరిగింది పూల సుంకులమ్మకి. కార్తీకమాసం మూడో సోమవారం పొద్దున, నల్లమల కనుమలో నాలుగో మలుపు దగ్గర. చేసినవాడు మెకానిక్ ఓబులేసు. ఆ వేళకి వాడు అక్కడ లేడు, తన ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. కొన్ని అన్యాయాలు అంతే, చేసినవాడి నిద్ర కూడా చెడదు.

సుంకులమ్మకి ఒక పాత వ్యాను ఉంది. చామంతులు, బంతులు బుట్టలకెత్తుకుని, ఆరింటికి అడవి గేటు తీయగానే శ్రీశైలం బయలుదేరుతుంది. ఆ సోమవారం మంచు దట్టంగా ఉంది. దారి కనిపించలేదు, చెట్లు కనిపించలేదు, వెనక బుట్టల్లోంచి పూల వాసన మాత్రం ముందుకొచ్చి పక్క సీట్లో కూర్చుంది. నాలుగో మలుపులో ముందు టైరు పంచరయింది.

కూర్చుని ఏడ్చే రకం కాదామె. స్టెప్నీ దించింది, స్పానర్ తగిలించింది. నట్టు కదల్లేదు. రెండు కాళ్ళతో స్పానర్ మీదికి ఎక్కి నిలబడింది. స్పానర్ వంగింది గాని నట్టు కదల్లేదు.

అటుగా పోయే లారీ డ్రైవర్లు ఇద్దరు దిగి ప్రయత్నించారు. ఒకతను చేతులు దులుపుకుని, "ఇది మనిషి బిగించింది కాదక్కా," అన్నాడు.

మంచు విడిపోయి ఎండొచ్చింది. బుట్టల్లో వేడి పుట్టి చామంతుల రేకులు అంచుల నుంచి నల్లబడటం మొదలైంది. చివరికి ఇంకో లారీ అతను స్పానర్‌కి పొడుగాటి ఇనప గొట్టం తొడిగి విప్పేసరికి మధ్యాహ్నమైంది. కార్తీక సోమవారం మధ్యాహ్నం తర్వాత వాడిన పూలని దేవుడికి ఎవరు కొంటారు? ఆమె వ్యాను వెనక్కి తిప్పి నేరుగా కనుమ కింద షెడ్డుకి వచ్చింది. బుట్టలన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఓబులేసు కాళ్ళ ముందు బోర్లించింది.

"ఏందక్కా ఇది?"

"నీ చేతికి పూజ చేస్తున్నా."

సంగతి విన్నాక కూడా వాడి మెడ వంగలేదు. "గట్టిగా బిగించడం తప్పా అక్కా? ఊడిపోకుండా బిగించినా. పీకినా రాదు."

"అవును నాయనా. పీకినా. రాలే."

ఆ షెడ్డు జైతూన్ బీది. ఆమెకి పని నేర్పింది వాళ్ళ నాన్న, మాట మిగుల్చుకోవడం నేర్పింది కనుమలో తిరిగే ఒక ఫకీరు. లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి అందరూ ఆమెను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఓబులేసు ఆమె శిష్యుడు. పదహారేళ్ళప్పుడు వచ్చాడు, ఇప్పుడు ముప్పై దాటాయి. ఆమె వేళ్ళు వంకర్లు పోతున్నాయి. ఉగాది నుంచి షెడ్డు నువ్వే చూసుకోరా అని వానాకాలంలో ఒకసారి అంది. వాడు అప్పట్నుంచి కాస్త ఎత్తుగా నడుస్తున్నాడు.

చక్రం బిగించినవాళ్ళు టైరు పక్కన సుద్దముక్కతో ఆ రోజు తేదీ, తమ పేరులో మొదటి అక్షరం రాయడం ఆ షెడ్డు ఆచారం. జైతూన్ బీ వ్యాను చుట్టూ తిరిగింది. విప్పి వెనక పడేసిన పంచరు టైరు మీద తేదీ ఉంది, పక్కన 'ఓ' అని ఉంది. మిగతా మూడింటి మీదా అంతే. ముందు రోజు బ్రేకులు చూసి నాలుగు చక్రాలూ వాడే బిగించాడు, గన్నుతో. గన్ను అంటే కంప్రెషర్ గాలికి గిర్రున తిరిగి నట్లు బిగించేది. దాన్ని నొక్కి పట్టుకోవడం చిన్నపిల్లలకి కూడా వస్తుంది.

ఆమె కంప్రెషర్‌కి ఉన్న గాలి పైపు ఊడదీసి, చుట్ట చుట్టి, తన గదిలో మేకుకి తగిలించింది.

"గాలి లేకుంటే పనెట్లా ఉస్తాద్?"

"చేతులున్నాయి గదా."

"ఎన్నాళ్ళు?"

"సుంకులమ్మ చెప్పిందాకా."

సుంకులమ్మ ఈ షెడ్డు గడప మళ్ళీ తొక్కనని అప్పుడే చెప్పి వెళ్ళిపోయింది. ఉగాది మాట ఏమైందని అడిగే ధైర్యం ఓబులేసుకి లేదు. మూల నుంచి చీపురు తీసి పూలకుప్ప దగ్గరికి వెళ్ళాడు.

"ఉండనీ," అంది ఉస్తాద్.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. రోజూలాగే ఆమె గోంగూర పచ్చడి సీసా వాడి ముందుకి జరిపింది. వాడు మూత తిప్పాడు. రాలేదు. లుంగీ అంచుతో పట్టుకుని తిప్పాడు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళు బిగబట్టి తిప్పాడు. ఆయిల్ ఫిల్టర్లు బిగించే పట్టీ రెంచి గోడ మీద తన చోట లేదని, ఆమె పక్కన చాప మీద ఉందని అప్పుడు చూశాడు.

"మూత రావడంలేదు ఉస్తాద్."

"ఊడిపోకుండా బిగించినా," అందామె, తన విస్తరిలోది కలుపుకుంటూ.

వాడు ఉత్త మజ్జిగన్నం తిన్నాడు.

పూలు అక్కడే ఉన్నాయి. బండ్ల కింద దూరి పని చేస్తుంటే వాడి వీపుకి, జుట్టుకి రేకులు అంటుకునేవి. పొద్దున్నే కనుమ మీంచి మంచు జారి షెడ్డులోకి వచ్చేది. ఆ మంచులో గ్రీజు, డీజిలు, వాడిన చామంతి కలిసిపోయి, ఎక్కడో గుడి తలుపులు తీసినట్టు ఉండేది. మొదట కుళ్ళు వాసన, తర్వాత ఎండుగడ్డి వాసన, ఆ తర్వాత ఏ పేరూ పెట్టలేని ఒక తియ్యటి వాసన.

వాడికి అదే కల వచ్చేది. కొండంత పూలతోట. మధ్యలో తను. విచ్చుకున్న పువ్వుని ముట్టుకుంటే చాలు, మొగ్గై ముడుచుకుపోయేది. తోటంతా ముడిచేసి వెనక్కి తిరిగేవాడు, ఒక్కటి విప్పుదామని వేళ్ళు పెట్టేవాడు. విప్పడం వచ్చేది కాదు.

ఒకరోజు టీ తాగుతూ అన్నాడు: "తప్పు నాది కాదు ఉస్తాద్, గన్నుది. మూరెడు పొడుగు, రెండు చేతులా పట్టుకుంటే గాని లేవదు. నొక్కితే మొత్తం, వదిలితే సున్నా. ఇప్పుడు చిన్నవి వచ్చాయి. ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. ఇరుకులో దూరతాయి."

"తెచ్చుకో మరి."

"ఏది తేవాల?"

"బిగించేది నువ్వు. నన్నడిగితే ఎట్లా?"

నంద్యాలలో పనిముట్ల షాపుకి పోయి, ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిది తెచ్చాడు. బస్సులో దారి పొడుగునా పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నాడు. వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"చూడు ఉస్తాద్. పిడికిలంత ఉంది. బలం చూస్తే పాతదానికి రెట్టింపు. పెట్టె మీదే రాశాడు."

మగవాళ్ళకి అంకె ఒకటి రాసిస్తే చాలు, దాన్ని భుజం మీద మోస్తూ ఊరంతా తిరుగుతారు.

జైతూన్ బీ గన్నుని చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది. బానెట్ ఎత్తి ఉన్న జీపు దగ్గరికి పోయి, మామూలుగా పిడికిలి కూడా పట్టని సందులోకి దాన్ని పోనిచ్చింది. పోయింది. తల పొట్టిది, సాఫీగా తిరిగి వచ్చింది. పిడి ఆమె వంకర వేళ్ళకి కూడా అందింది.

"ఒదిగింది," అంది. "బరువూ లేదు. బాగుంది."

ఓబులేసు మొహం వెలిగింది.

"ఎక్కడ ఆగుతుంది?"

"ఏంది ఉస్తాద్?"

"ఇది. ఎక్కడ ఆగుతుంది?"

వాడు నవ్వాడు. "ఆగడమెందుకు? దీన్ని ఆపేది లేదని చెప్పి అమ్మినాడు షాపాయన."

ఆమె గన్నుని మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టి, మూత పెట్టింది. సీసా మూత మూసినట్టు కాదు, మెల్లగా. తర్వాత టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

వాడు చీకటి పడేదాకా ఆ పెట్టె పక్కనే కూర్చున్నాడు. గాలి వీస్తే ఎండిపోయిన రేకులు నేల మీద కొంచెం దూరం దొర్లి, ఎవరో వద్దన్నట్టు ఆగేవి.

మర్నాడు మళ్ళీ నంద్యాల పోయాడు. పెట్టె వెనక్కివ్వగానే షాపాయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఏం, బలం చాల్లేదా?"

"బలం ఎక్కువైంది. ఆగేది కావాల."

"ఏం కావాల?"

"ఆగేది."

"ఇన్నేళ్ళుగా అమ్ముతున్నా. ఎంత తిప్పుతాదని అడిగినోళ్ళే గాని ఎక్కడ ఆగుతాదని అడిగినోణ్ణి నిన్నే చూసినా. మీ కంప్రెషర్ ఎంతది?"

"చిన్నదే."

"ఇది ముందే చెప్పొద్దా? నిన్న తీసుకుపోయిన రాక్షసికి మీ కంప్రెషర్ గాలి ఏ మూలకి? నాలుగు నట్లకే రొప్పేది." ఆయన కింది అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తీశాడు. "దీని అంకె చిన్నదని ఎవరూ ముట్టరు. వెనక ఈ మీట చూడు. బిగించేటప్పుడు మూడు మెట్లు. ఒకటి మీద పెడితే నట్టు ఆనేదాకా తిప్పి ఊరుకుంటాది. విప్పేటప్పుడు మాత్రం ఎప్పుడూ నిండు బలమే."

ఓబులేసు ఆ మాట దగ్గర ఆగాడు. "మళ్ళీ చెప్పు."

"బిగించడానికి నెమ్మది. విప్పడానికి నిండు బలం."

వాడు దాన్ని తెచ్చాడు. ఈసారి పెట్టె సంచిలో ఉంది, వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాడు.

ఉస్తాద్ దాన్ని తెరవనే లేదు. నేల మీద పూలకుప్పని చూస్తూ ఉంది. అది అప్పటికి దోసెడు పొడి. బయట మాఘం చివరి మంచు. శివరాత్రి దగ్గరికి వచ్చింది.

వాడు తనంతట తనే చెప్పులు వేసుకుని సుంకులమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వసారాలో కూర్చుని మాల కడుతోంది. తలెత్తలేదు.

"ఏం రా, పూజ చాల్లేదా?"

"ఒక్కసారి షెడ్డుకి రా అక్కా. నువ్వు చెప్తే గాని ఉస్తాద్ నాకు గాలి ఇవ్వదు."

"నీ గాలితో నాకేం పని?"

"నాకే పనుంది, నీ చక్రంతో."

"నా చక్రాన్ని నువ్వు ముట్టుకుంటే దాన్ని కనుమలో వదిలేసి రావాల్సిందే." దారం పంటితో కొరికి ముడేసింది. ముడేసి, ఒక కొస లాగింది. ముడి విడిపోయింది. మళ్ళీ వేసింది. ఓబులేసు ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో వాడికి తెలియదు. ఆమె మాల పూర్తయ్యాక తలెత్తింది.

"ఇంకా ఉన్నావా? సరే, రేపొస్తా. వచ్చేది నీకోసం కాదు. శివరాత్రి లోడు ఎత్తాల, ఆ ముందు చక్రం ఎవరో ఒకరు చూడాల."

తెల్లవారాక వ్యాను మంచులోంచి వచ్చింది. ముందు లైట్లు కనిపించాయి, తర్వాత చాలాసేపటికి బండి. జైతూన్ బీ గదిలోకి వెళ్ళి గాలి పైపు తెచ్చింది. "ఈ ఒక్క చక్రానికే," అని కంప్రెషర్‌కి తగిలించింది.

ఓబులేసు చక్రం విప్పాడు, చూశాడు, తిరిగి ఎక్కించాడు. నట్లు వేళ్ళతో తిప్పి నిలబెట్టాడు. మీట ఒకటి మీద పెట్టాడు. గన్ను జిర్రుమని ఒక్కో నట్టునీ తిప్పి, ఆనగానే ఊరుకుంది. నాలుగూ ఆనాయి. వాడి బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. రెండు పక్కనే ఉంది, మూడు దాని పక్కనే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు ఆ వేలి చివర కూర్చుని ఉంది.

వాడు జాకీ దించి, గన్నుని గోనెపట్టా మీద పెట్టాడు. "నీ స్పానర్ ఇవ్వక్కా."

ఆమె సీటు కిందనుంచి తీసింది. కార్తీకంలో వంగిన వంపు అట్లాగే ఉంది. వాడు ఆ వంపుని కాసేపు చూశాడు. తర్వాత దాన్ని నట్టుకి తగిలించి, పక్కకి జరిగాడు.

"నువ్వు బిగించు."

"బాగుందిరా. పని నాది, కూలి నీదా?"

అంటూనే వంగింది. గుప్పెడు మనిషి. తన బరువంతా చేతుల్లోకి తెచ్చుకుని స్పానర్‌ని నొక్కింది. ఒకటి, దానికి ఎదురుది, మిగతా రెండు.

జైతూన్ బీ గుడ్డలో చుట్టి దాచుకున్న పొడుగు రెంచి తెచ్చింది. నట్టు చాలినంత బిగిసి ఉంటే టక్కుమనే రెంచి అది. మొదటి నట్టుకి పెట్టి లాగింది. టక్కుమంది. రెండోది టక్కుమంది. మూడోదీ, నాలుగోదీ.

"విప్పు," అంది సుంకులమ్మతో.

సుంకులమ్మ స్పానర్ పెట్టి ఎదురు నొక్కింది. నట్టు కిర్రుమని కదిలింది. ఆమె ఒక క్షణం అట్లాగే వంగి ఉండిపోయింది, తర్వాత మళ్ళీ బిగించేసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"కదిలింది జైతూనమ్మా," అంది, ఓబులేసు వైపు చూడకుండా. "చెప్తున్నా. ఇచ్చుకో వానికి గాలి."

ఉస్తాద్ పొడుగు రెంచిని మళ్ళీ గుడ్డలో చుట్టింది. ఈసారి తన గదికి తీసుకుపోలేదు. గన్ను పక్కన, గోనెపట్టా మీద పెట్టింది.

"ఇప్పుడు ఊడ్చు," అంది ఓబులేసుతో.

వాడు పూలపొడిని ఊడ్చి చేటకెత్తి, బయటికి తీసుకెళ్ళి మంచులో వదిలాడు. తిరిగొచ్చి జేబులోంచి సుద్దముక్క తీసి టైరు ముందు గొంతుకూర్చున్నాడు. చెయ్యి రాయబోయి ఆగింది. వాడు లేచి నిలబడి సుద్దముక్క సుంకులమ్మకి అందించాడు.

ఆమె వాడి మొహం చూసింది, ఉస్తాద్ మొహం చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చుని, నల్లటి టైరు మీద తెల్లగా, నెమ్మదిగా రాసింది.

ఫిబ్రవరి 24. సు.