మూత లేని పాత మెషీను

ధర్మవరంలోని ఒక కంప్యూటర్ రిపేరు షాపులో, పని బాగా వచ్చినా పక్కవాణ్ణి పొగిడితే ఓర్చుకోలేని చెన్నకేశవ అనే మెకానిక్ ఉండేవాడు.

ఆ పక్కవాడి పేరు కుళ్లాయప్ప. అతను షాపులో చేరి రెండేళ్లే అయింది. అయినా వచ్చినవాళ్లంతా అతన్నే అడిగేవారు. కుళ్లాయప్ప బల్ల మీద మూత లేని పాత కంప్యూటరు మెషీను ఒకటి ఉండేది. ఏదైనా భాగం పాడైందేమో అని అనుమానం వస్తే, అతను ముందు దాన్ని కరెంటు కొలిచే మీటరుతో చూసేవాడు. తర్వాత ఆ పాత మెషీనుకు తగిలించి చూసేవాడు. అక్కడ నిలిస్తేనే మంచి కంప్యూటరు జోలికి వెళ్లేవాడు. ఎందుకంటారా? కొత్త ఎర్ర చీరను తెల్ల బట్టలతో కలిపి నానబెడతామా? విడిగా ఒక బకెట్లో ముంచి, రంగు దిగుతుందేమో చూసుకుంటాం. ఇదీ అంతే. చెడిన భాగం తాను చెడి ఊరుకోదు, తగిలించిన మంచిదాన్నీ చెరుపుతుంది.

చెన్నకేశవ దాన్ని ఎగతాళి చేసేవాడు. "ఏమప్పా, మీ ముసలమ్మకు ఈరోజు కషాయం పట్టావా?" అనేవాడు.

"పట్టాను కేశవన్నా. నీకూ ఒక గ్లాసు తెమ్మంటావా?" అని కుళ్లాయప్ప నవ్వేవాడు. ఆ నవ్వు కూడా చెన్నకేశవకు గుచ్చుకునేది.

ఒకరోజు చౌడమ్మ అనే ఆమె ఆటోలో తన కంప్యూటరు తెచ్చింది. ఆమె పట్టుచీరలకు డిజైన్లు గీసేది. ముందురోజు దగ్గర్లో పిడుగు పడినప్పటి నుంచి కంప్యూటరు వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది.

"కుళ్లాయప్ప లేడా నాయనా?" అని అడిగింది.

"మార్కెట్ యార్డు ఆఫీసుకు పోయాడు. ఏం, నేను కనపడలేదా?"

"కనపడ్డావులే. పదకొండేళ్ల డిజైన్లు అందులోనే ఉన్నాయి. వేరేచోట ఒక్కటీ దాచుకోలేదు. అందుకే అతన్ని అడిగాను."

చెన్నకేశవకు ఒళ్లు మండింది. "అతను వచ్చేలోపు నేనే తేల్చేస్తా. నువ్వు పట్టు కొట్టుకు పోయి రా అమ్మా" అన్నాడు.

కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లై మీదే అతనికి అనుమానం. కుళ్లాయప్ప మీటరు చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. అది ముట్టుకుంటే వాడి దారిలో నడిచినట్టే కదా అనుకున్నాడు. తన బల్ల మీదున్న సొంత మెషీను పవర్ సప్లై విప్పి, ఆమెదాన్ని నేరుగా దానికి తగిలించి స్విచ్ వేశాడు. టప్ మని చప్పుడైంది. కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అతని కళ్లు పాత మెషీను మీద పడ్డాయి. 'నాది పోయి వాడిది ఉండాలా?' అనుకున్నాడు. అదే పవర్ సప్లైని దానికీ తగిలించాడు. అదీ పొగలు కక్కింది. తన మెషీనులో దాని పవర్ సప్లైని మళ్లీ ఎప్పటిలాగే బిగించి, మూత వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

కుళ్లాయప్ప వచ్చాడు. వెనకే చౌడమ్మ వచ్చింది. కుళ్లాయప్ప పాత మెషీనును చూశాడు. అతని ముఖం వాడిపోతుందని చెన్నకేశవ ఎదురుచూశాడు.

"పోయిందా? పోనీలే అన్నా, అది ఉన్నదే అందుకు" అన్నాడు కుళ్లాయప్ప. "గోనెసంచిలో అలాంటి పాత మెషీన్ల బోర్డులు ఇంకా నాలుగున్నాయి."

"ముందు నా డిజైన్లు ఉన్నాయో లేవో చెప్పు నాయనా" అంది చౌడమ్మ.

కుళ్లాయప్ప ఆమె కంప్యూటర్లోంచి డిజైన్లున్న హార్డ్ డిస్కు బయటికి తీశాడు. "కేశవన్న మెషీనులో పెట్టి చూద్దామమ్మా. అంత శుభ్రంగా ఈ షాపులో ఎవరూ పెట్టుకోరు. పొద్దున కూడా చూశాను, బంగారంలా నడుస్తోంది."

రెండేళ్లుగా చెన్నకేశవ వినాలనుకున్న మాట అది. కానీ ఆ మెషీను లోపల ఏం కాలిందో, కరెంటు ఎటు తప్పుదారి పడుతోందో అతనికే తెలియదు. డిస్కు తగిలిస్తే పదకొండేళ్ల డిజైన్లు ఒక్క క్షణంలో పోవచ్చు. పోతే ఆ తప్పు కుళ్లాయప్ప నెత్తిన పడుతుంది. నిజం చెప్పాలంటే, ఆ ఆలోచన అతనికి ఒక్క క్షణం తియ్యగానే ఉంది. కుళ్లాయప్ప వైరు చేతిలోకి తీసుకున్నాడు. చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆగప్పా" అన్నాడు చెన్నకేశవ. "అది కాలిపోయింది. రెండూ నేనే కాల్చాను."

కుళ్లాయప్ప వైరు కింద పెట్టేశాడు. గోనెసంచిలోంచి ఇంకో పాత బోర్డు తీశాడు. కొత్త పవర్ సప్లైని మీటరుతో చూశాడు, ఆ బోర్డుకు తగిలించి చూశాడు, నిలిచాక డిస్కు పెట్టాడు. అరగంటకు తెర మీద చీర అంచు వెంట హంసలు వరసగా కనిపించాయి. చౌడమ్మ స్టూలు మీద కూలబడింది.

"మీటరు ఇక్కడే ఉంది కదన్నా" అన్నాడు కుళ్లాయప్ప మెల్లగా.

"అది నీది కదప్పా" అన్నాడు చెన్నకేశవ.

చౌడమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆఖర్లో నోరు తెరిచావు కాబట్టి నా కష్టం మిగిలింది నాయనా. అయినా ఈసారి వస్తే మళ్లీ కుళ్లాయప్పనే అడుగుతా. ఏమనుకోవద్దు."

చెన్నకేశవ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అసూయపడేవాడు ఎదుటివాడి కంటే ముందు తన సొత్తునే కాల్చుకుంటాడు. మంచి పద్ధతి ఎవరి దగ్గరున్నా అడిగి నేర్చుకున్నవాడే బాగుపడతాడు.