నత్తగుల్ల మీద గీత

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న చోట కుళాయి తిప్పి దోసిలి పట్టి తాగేస్తారు. ఆ నీళ్ళు ఎక్కడివని అడగాలని మీకు తోచను కూడా తోచదు. ఈ కథ జరిగిన చోట ముందు అదే అడుగుతారు. కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో నేల లోపలి నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నప్పటినుంచీ అవే తాగినవాళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, కొందరికి వయసు రాకుండానే నడుము వంగిపోతుంది. అక్కడ తాగడానికి ఫిల్టర్ నీళ్ళే వాడాలి. ఆ మాట మనసులో పెట్టుకుని మిగతాది వినండి. లేకపోతే కథను తప్పుగా పట్టుకుపోతారు.

ఆ వైపు ఒక చిన్న పట్నంలో ఓబుళమ్మగారని ఒక గురువు ఉండేవారు. ఆవిడ కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. చాలా ఏళ్ళు గాజుల కొట్టు నడిపి, దాన్ని కోడలికి అప్పగించి, గురువారం సాయంత్రాలు ఇంటి వసారాలో కూర్చునేవారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తత్వాలు పాడుకునేవాళ్ళు, అడగవలసింది అడిగేవాళ్ళు. అడిగిన రోజే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ‘నాకు కోపం ఎక్కువ, ఏం చెయ్యమంటారు’ అని అడిగినాయన చేత వసారాకు సున్నం వేయించారు. జవాబు ఇంకా దొరకలేదనే ఆయన అంటాడు. గోడ బాగా వచ్చిందని మాత్రం ఒప్పుకుంటాడు.

శివరాత్రి వెళ్ళిన వారం తిరుపాలు వచ్చి అందరికన్నా వెనక కూర్చున్నాడు. అతనికి పక్క ఊళ్ళో, అడ్డరోడ్డు దగ్గర, నీళ్ళ ప్లాంటు ఉంది. ఊరందరికీ క్యాన్లు అతనివే. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, పళ్ళ మీద చారలు కనపడకుండా. అతని తల్లి చివరి ఏళ్ళలో మనుషుల్ని పాదాలు చూసి గుర్తుపట్టేది, నడుము అంతగా వంగిపోయింది. కూతురు లిఖిత పుట్టినప్పుడు ఆ పిల్ల నోట్లోకి నేల నీళ్ళు చుక్క పోనివ్వనని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. పిల్లకు పదేళ్ళు వచ్చాయి, పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

పాటలు అయ్యాక అతను లేచి అడిగాడు.

“అమ్మగారూ, పిల్లను కాపాడుకోవడానికి ఒక హద్దంటూ ఉంటుందా?”

“ఎందుకొచ్చిందయ్యా అనుమానం?”

“మా మరదలి పెళ్ళిలో మా పాప కళ్ళు తిరిగి పడిపోయింది. తెచ్చుకున్న సీసాలో నీళ్ళు పొద్దున్నే అయిపోయినాయంట. సాయంత్రం దాకా చుక్క ముట్టలేదు. ఎదురుగా గ్లాసు పెట్టినా ముట్టలేదు.”

“ఎవరి నీళ్ళు?”

“నా ప్లాంటువే అమ్మగారూ. క్యాన్లు దించి ప్లాంటుకు పోయింది నేనే.”

“మరి?”

తిరుపాలు తల వంచుకున్నాడు. “గ్లాసులో పోసింది నేను కాదు గదా.”

వసారాలో ఎవరో ఫక్కున నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయారు.

మిగతాది అతను మెల్లగా చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. పిల్ల చురుకైనది. అతని భార్య అంకమ్మ పట్టుబట్టి గురుకులం బడి పరీక్షకు కట్టించింది. సీటు వస్తే హాస్టల్లో ఉండాలి. పరాయి చేతి గ్లాసు ముట్టని పిల్ల అక్కడ ఒక్క పూట ఎలా గడుపుతుంది? పంపకపోతే చదువు పోతుంది, పంపితే పిల్లే పోతుందేమోనని అతని భయం.

ఓబుళమ్మగారు విని, వసారా మూలనున్న గాజు తొట్టి వైపు చెయ్యి చూపించారు. ఒంగోలులో చేపల దుకాణం ఉన్న శిష్యుడొకాయన ఒక గురుపూర్ణిమకు తెచ్చిపెట్టిన తొట్టి అది. చేపలు ఒక్కొక్కటే పోయాయి, నత్తలు మాత్రం మిగిలాయి. నిమ్మకాయంత ఉన్నాయి, పసుపురంగు గుల్లలతో. పెద్దదాన్ని ఆవిడ తాసిల్దారు అనేవారు, ఎంత పిలిచినా రాదు కాబట్టి. మనిషి నీడ పడితే గుల్ల నోటికున్న బిళ్ళ తలుపు మూసేసుకునే చిన్నదాన్ని పెళ్ళికూతురు అనేవారు.

“నేను కడప వైపు పోతున్నా, మామిడిపళ్ళ రోజులకు వస్తా. అందాకా వీటిని నీ ఇంట్లో పెట్టుకో.”

“ఏం పెట్టాలమ్మగారూ?”

“ఏదన్నా ఆకుకూర. బీరకాయ తొక్క వేస్తే పండగ చేసుకుంటాయి. అప్పుడప్పుడూ కాసిని నీళ్ళు మార్చు.”

ఏ నీళ్ళని అతను అడగలేదు. మంచి నీళ్ళంటే అతనికి తెలిసినవి ఒకటే.

తొట్టి ఇంటికి చేరగానే తిరుపాలు దాన్ని మొత్తం ఖాళీ చేశాడు. అద్దాలకు పట్టిన పాచిని బ్రష్షుతో రుద్ది, ఇసుకను బియ్యం కడిగినట్టు కడిగి, ప్లాంటు నీళ్ళు అంచుదాకా నింపాడు. రోజు విడిచి రోజు అదే పని. అంకమ్మ గుమ్మంలో నిలబడి చూసేది.

“కట్టుకుని పన్నెండేళ్ళయింది, నాకెప్పుడన్నా ఒక చెంబు నీళ్ళు తోడిచ్చినావా? నత్తలకు క్యాన్లు మోస్తున్నావు!”

“గురువుగారి సొత్తు. ఊరుకో.”

లిఖిత బడి నుంచి రాగానే తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. తాసిల్దారు తన మెత్తటి కొమ్ములు చాపి అద్దం మీద పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూసేది. “నాన్నా, బీరకాయ తొక్క కడిగే వేశావా?” అని అడిగేది. “రెండుసార్లు కడిగానమ్మా” అని అతను గర్వంగా చెప్పేవాడు.

ఎండలు ముదిరేసరికి గుల్లల నిగనిగ పోయింది. తాసిల్దారు గుల్ల కొస ఉడికిన గుడ్డులా తెల్లబడి, మీద సన్నని గుంటలు పడ్డాయి. గుల్ల పెరిగేది నత్త బయటికొచ్చే వాకిలి అంచు దగ్గర. అక్కడ వచ్చే కొత్త గుల్ల ఉల్లిపొరలా పలచగా వచ్చి, చిట్లి, చిట్లినచోట వంకర తిరిగి, మెట్టులా పక్కకు జరిగి పెరిగింది. పెళ్ళికూతురి తలుపు సరిగా మూతపడటం మానేసింది. నీళ్ళలో ఏదో మురికి చేరిందనుకుని తిరుపాలు రోజూ మార్చడం మొదలుపెట్టాడు. గుంటలు ఇంకా లోతయ్యాయి.

ఒకరోజు అన్నాల వేళ లిఖిత అంది.

“నాన్నా, తాసిల్దారు మన జేజిలాగా వంగిపోతున్నాడు.”

తల్లి వంగిన నడుము గుర్తొచ్చి తిరుపాలు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“మనం పోసేవి మన నీళ్ళే గదా?” అంది పిల్ల. లిఖిత తన గ్లాసు వైపు కాసేపు చూసి, దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. తండ్రి స్వయంగా పోసిన గ్లాసది.

అంకమ్మ ఆ గ్లాసును చూసింది, మొగుణ్ణి చూసింది. ఎగతాళి చెయ్యలేదు.

ఓబుళమ్మగారు ఊరినుంచి వచ్చారని విని, మర్నాడు పొద్దున్నే తిరుపాలు క్యాన్ల ఆటోలో తొట్టి ఎక్కించాడు. కదలకుండా పట్టుకోవడానికి లిఖిత పక్కన కూర్చుంది.

ఓబుళమ్మగారు తాసిల్దారును అరచేతిలోకి తీసుకుని, తెల్లబడ్డ కొస మీద బొటనవేలు ఆనించారు.

“ఏం నీళ్ళు పోశావయ్యా?”

“ప్లాంటు నీళ్ళే అమ్మగారూ. నీళ్ళలో లవణాలు కొలిచే మీటరు పెట్టి చూస్తే ముప్పై కూడా రాదు. జిల్లాలో అంత శుభ్రమైన నీళ్ళు లేవు.” ఆ స్థితిలో కూడా అతని గొంతులో కాస్త గర్వం పలికింది.

“నీకూ నీ పిల్లకూ అవే తగినవి. దీనికి గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలి. అది నీళ్ళలోంచి తీసుకుంటుంది.”

“నీళ్ళలో లేకపోతే?”

“నీళ్ళే గుల్లలోంచి తీసుకుంటాయి.”

తిరుపాలు అక్కడే వసారా గట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేశారు. “నా తొట్టిలో పాచి ఎందుకు ఉంచానో, ఏ నీళ్ళు పోస్తున్నానో చెప్పి ఇవ్వాల్సింది. చెప్పలేదు. నువ్వొక్కడివే మోయకు.”

పెరట్లో బావి ఉంది, గిన్నెలకు తెల్లని సున్నపు పొర కట్టే నీళ్ళు. ఆ ఇంట్లో అవి అంట్లకే వాడతారు, తాగడానికి కాదు. అతను ఒక్క ఊపున బక్కెట తోడబోతే ఆవిడ వారించారు. “అట్లా ఒక్కసారే మార్చకు, నత్తలు తట్టుకోలేవు. ఇవాళ ఒక చెంబు, రేపు ఒక చెంబు.” మూలికల కొట్టు నుంచి సముద్రపు నురుగు ముక్క తెప్పించి తొట్టిలో వేశారు. చెవిపోటుకు పెద్దవాళ్ళు అరగదీసి వాడతారే, ఆ తెల్లని తేలికపాటి ముక్క, అదంతా సున్నమే. పెళ్ళికూతురు దాని మీదికెక్కి కదలకుండా అతుక్కుపోయింది.

లిఖిత బావి చెంబులోకి తొంగి చూసింది. “అవ్వా, ఇవి పాడు నీళ్ళు.”

“నీకు పాడువే తల్లీ. నువ్వు తాగొద్దు.”

“వాటికి?”

“వాటిని చూస్తూ ఉండు.”

అప్పటినుంచి గురువారం గురువారం తండ్రీకూతుళ్ళు వచ్చేవాళ్ళు. లిఖిత తొట్టి దగ్గర, తిరుపాలు అందరి వెనక. మధ్యలో పరీక్ష ఫలితాలు వచ్చాయి. లిఖితకు సీటు వచ్చింది. అంకమ్మ వీధంతా చక్కెర పంచింది. పిల్ల మాత్రం తండ్రిని ఒక్కటే అడిగింది. “అక్కడ నాకు నీళ్ళు ఎవరు పోస్తారు నాన్నా?” బడి తెరిచే రోజు దగ్గరపడే కొద్దీ అతను నిద్రకు దూరమయ్యాడు. సీటు వద్దని రాసి ఇచ్చేద్దామని రెండు మూడుసార్లు బయలుదేరి, బస్టాండు నుంచి వెనక్కి వచ్చాడు.

చేరవలసిన వారం రానే వచ్చింది. ఆ గురువారం ఓబుళమ్మగారు తాసిల్దారును తీసి లిఖిత చేతిలో పెట్టారు. పిల్ల కొస నుంచి వేలితో తడుముతూ వచ్చింది. గరుకు, గుంటలు, వంకర తిరిగిన మెట్టు. ఆ తర్వాత గుల్ల మీద అడ్డంగా ఒక ముదురు గీత. గీత దాటితే నున్నగా, పసుపుపచ్చగా, కొత్త గుల్ల.

“అవ్వా, ఈ గీతేంది?”

“నీళ్ళు మారిన చోటది.”

“రుద్దితే పోతుందా?”

“పోదు.”

“గుంటలో?”

“అవీ పోవు.”

“దానికి నొప్పా?”

“నన్నడుగుతావేం, దాన్నే అడుగు.”

తాసిల్దారు తలుపు తీసి, కొమ్ములు చాపి, తీరుబడిగా పిల్ల మణికట్టు మీదికి ఎక్కింది. లిఖితకు చక్కిలిగింత పుట్టి పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఓబుళమ్మగారు లోపలికి వెళ్ళి, క్యానులోంచి ఒక గ్లాసు నీళ్ళు పట్టుకొచ్చి, పిల్ల పక్కన పెట్టి, ఏమీ అనకుండా వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రమైనా ఎండ తీవ్రంగా ఉంది. లిఖిత గ్లాసు వైపు చూసింది, తర్వాత తండ్రి వైపు చూసింది. తిరుపాలు చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయి సీసా పట్టుకుంది. మూత సగం తిప్పాడు. ఓబుళమ్మగారు తల ఎత్తలేదు. అతను ఆ మూతను అలాగే పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత మెల్లగా వెనక్కి బిగించి, సంచిని కాళ్ళ వెనక్కి తోసి, ముఖం వీధి వైపు తిప్పుకున్నాడు.

వెనక గ్లాసు నేల మీద జరిగిన చప్పుడైంది. ఒక గుక్క. కాస్త ఆగి ఇంకొకటి.

“అవ్వా, నీ గ్లాసు పసుపు వాసన.”

“నా ఇల్లంతా అంతే. ఇష్టం లేకపోతే ముక్కు మూసుకుని తాగు.”

“ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, తాసిల్దారున్నాడు” అంది పిల్ల, మిగిలిన నీళ్ళు తాగేసి.

పాటలు అయ్యి అందరూ లేచాక తిరుపాలు ఆవిడ దగ్గరికి వచ్చాడు.

“అమ్మగారూ, ఈ పదేళ్ళూ ప్రేమతోనే చేశాను. ప్రేమతోనే పిల్లను అరగదీశాను. ఆ గుంటలు ఇక పోవా?”

“పాతది అట్లాగే ఉంటుంది నాయనా” అన్నారు ఓబుళమ్మగారు. “అంచు చూడు. ఇంకా మెత్తగానే ఉంది.”

ఆ మాట అన్నప్పుడు ఆవిడ చూస్తున్నది తొట్టి వైపు కాదు, లిఖిత వైపు.

పిల్లలూ, కథ ఇంతే. మీ చేతుల్లో కూడా ఎవరో ఒకరు పెరిగే రోజు వస్తుంది. అప్పుడు దీన్ని మీరు చెప్పండి, అక్కడి నీళ్ళ సంగతి ముందే చెప్పి.