రాజుగారి నీలికళ్లు

ఏ రాజ్యమని అడక్కండి, చెప్పను. రాజుగారి పేరు ఉద్దండవర్మ. పేరుకు తగ్గ మనిషే. పట్టాభిషేకం జరిగిన రోజున ఏటా ఊరంతా వరుసకట్టి, ఆయన చేయి పట్టుకుని కళ్లకద్దుకోవాలి. రానివాడికి ఊళ్లో చోటు లేదు. కొలువులో ఒకరినొకరు పలకరించుకోవడమూ అలాగే.

ఆ ఏడు పండుగ ముందు సాలెవీధిలో కళ్లకలక పుట్టింది. పాపం, కళ్లు పుసికట్టి, మగ్గం మీద పోగు కనబడక అల్లాడిపోతున్నారు. వాళ్ల పెద్ద సాంబన్న కొలువుకు వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ఈసారికి మమ్మల్ని మన్నించండి ప్రభూ. మేమొస్తే ఊరంతటికీ అంటుకుంటుంది."

"నా పండుగే ఎగ్గొడతారా! రాకపోతే వీధి మొత్తం ఖాళీ చేయిస్తా" అన్నారు రాజుగారు.

లెక్కల పండితుడు పేరయ్యశాస్త్రి వంతపాడాడు. "ఇంత ఊళ్లో ఒక్క వీధి ఎంత ప్రభూ? రోజుకొకరికి అంటినా ఊరు చుట్టడానికి ఏళ్లు పడుతుంది. లెక్క వేసే చెబుతున్నాను."

సాంబన్న ఏడుస్తూ వెళ్లిపోయాడు. కొలువులో మల్లుభట్టు అని ఒక చమత్కారి ఉన్నాడు. సాంబన్న ఏడుపు చూసి అతను తిన్నగా అంగడికి పోయి కాస్త నీలిరంగు తెచ్చుకున్నాడు.

మర్నాడు ఆ రంగు అరచేతికి పూసుకొచ్చి, "ఏం లెక్క వేశారండీ శాస్త్రిగారూ!" అంటూ ఆయన చేతులు పట్టుకున్నాడు. శాస్త్రిగారు పొంగిపోయి, పక్కాయన చేయి తీసుకుని కళ్లకద్దుకున్నారు. ఆయన ఇంకొకరిది. కాసేపటికి సగం కొలువుకు నీలికళ్లే! ఎవరి మొహం వాళ్లకు కనబడదు కదా, ఎదుటివాణ్ణి చూసి ముసిముసి నవ్వులు.

రాజుగారు కొలువుకు రాగానే అందరూ వరుసగా వచ్చి ఆయన చేయి కళ్లకద్దుకుంటున్నారు. సగం వరుసయ్యేసరికి రాజుగారు వాళ్ల వాలకం చూసి పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. ఇంకేముంది!

మల్లుభట్టు అద్దం పట్టాడు.

"ఎవడ్రా ఈ పని చేసింది?"

"నేనే ప్రభూ. కానీ నేను ముట్టుకున్నది ఒక్క శాస్త్రిగారినే."

"మరి నాదాకా ఎలా వచ్చింది?"

"అంటించుకున్నవాడు ఊరుకుంటాడా ప్రభూ? వాడూ నలుగురికి అంటిస్తాడు, వాళ్లు తలా నలుగురికి. శాస్త్రిగారి లెక్కలో అదే లేదు. ఇది రంగు కనుక కడిగితే పోతుంది. సాలెవీధివాళ్లది కడిగితే పోదు."

రాజుగారు వరుసంతా చూశారు. సేనాధిపతికీ ఆయన వెనకవాళ్లకూ రంగు లేదు.

"వీళ్లకేం, వరమేమైనా ఉందా?"

"సేనాధిపతిగారి చేతికి గాయం ప్రభూ. ఎవరినీ ముట్టుకోకుండా తల వంచే పలకరిస్తున్నారు. రంగు ఆయన దగ్గరే ఆగిపోయింది. వెనకవాళ్లు బతికిపోయారు."

రాజుగారు అప్పటికప్పుడే పండుగ వాయిదా వేశారు. సాలెవీధి జోలికెవరూ పోకూడదన్నారు. వాళ్ల కళ్లు బాగయ్యేదాకా పండుగ భోజనం గుమ్మాల దగ్గర పెట్టి రమ్మన్నారు.

ఆ తర్వాత తన బంగారు కడియం తీసి, "దా మల్లుభట్టూ, నా చేత్తో ఇస్తాను, పుచ్చుకో" అన్నారు.

మల్లుభట్టు గబుక్కున వెనక్కి జరిగి దండం పెట్టాడు. "అక్కడ పెట్టండి మహాప్రభూ, తీసుకుంటాను. మీ చెయ్యింకా నీలంగానే ఉంది."

రాజుగారు మళ్లీ పగలబడి నవ్వారు. ఈసారి మాత్రం కళ్లు తుడుచుకోలేదు.