విన్నవాడ మసిమోము తల్లి

నల్లేటి రేవులో పడవ దిగిన యాత్రికులకు గుడికన్నా ముందు ఒక పెద్ద రాతి అరుగు కనబడుతుంది. దాని పక్కగా సాగే బాట విన్నవాడ మసిమోము తల్లి సన్నిధికి చేరుస్తుంది. అమ్మవారిది ఒడిలో పట్టేంత చిన్న విగ్రహం. ఎడమ చెంప నల్లగా కమిలి ఉంటుంది. అభిషేకవేళ అర్చకులు ఆ చెంపను రుద్దరు, దానికి పసుపు పూయరు. కారణం అడిగే భక్తులకు ఇక్కడి పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, అరుగు మాత్రమే ఉండేది. చేయెత్తిన ప్రతివారికీ దాని మీద మాట్లాడే హక్కు ఉండేది. శైవులు, వైష్ణవులు, జైనులు, చివరకు దేవుడే లేడనేవారు కూడా అక్కడ నిలబడి వాదించారు. వాదాలకు మధ్యస్థుడు కొమ్మనభట్టు. ఆ పదవి ఆయనకు తాతగారి నుంచి వచ్చింది. అబద్ధాన్ని నలుగురిలో నిలబెట్టి ప్రశ్నిస్తే అదే కూలిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఎవరినీ అరుగు మీద నుంచి దించి ఎరుగడు.

ఆయన పుట్టకముందు ఆ ఒడ్డున ఒక ఘోరం జరిగింది. మశూచి ప్రబలిన ఏడాది, ఆ రోగాన్ని పడవలవాళ్ళే తెచ్చారని ఎవరో పుట్టించిన మాట ఊరంతా పాకింది. ఊరివాళ్ళు కొందరు కాగడాలతో వెళ్ళి పడవలవాళ్ళ వాడను తగలబెట్టారు. బతికి బయటపడినవారిలో ముప్పమ్మ అనే, అప్పుడే ఊహ తెలిసిన చిన్నపిల్ల ఉంది. మిగిలిన కుటుంబాలు కొన్నేళ్ళకు తిరిగి వచ్చి అదే చోట గుడిసెలు వేసుకున్నాయి. ముప్పమ్మ తల నెరిసే నాటికి ఆ మంటను కళ్ళారా చూసినవారు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు.

అప్పుడు వచ్చాడు త్రిలోచన పండితుడు. మంచి మాటకారి. అరుగెక్కి ఇలా ప్రకటించాడు. "ఈ ఊరివాళ్ళు ఏ వాడనూ కాల్చలేదు. రోగాన్ని మోసుకొచ్చినవాళ్ళే తమ గుడిసెలకు నిప్పు పెట్టుకొని పారిపోయారు. ఆ నింద మీ తాతల మీద వేసి రేవు దక్కించుకున్నారు. కాదనేవారు వచ్చి వాదించండి."

తమ తాతలు అంత పని చేసి ఉండరని వినడం ఊరికి తీపిగానే తోచింది.

కొమ్మనభట్టు అరుగు ధర్మం ప్రకారం ముప్పమ్మను పిలిపించాడు. ఆమె వచ్చి నిలబడింది. పండితుడు ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీ గుడిసె తలుపు ఏ దిక్కుకు ఉండేది? గాలి ఎటు వీచింది? నిప్పు పెట్టినవాడి తలపాగా రంగేమిటి? ఆమె తెలిసినవి చెప్పింది. తలపాగా రంగు దగ్గర తడబడింది. జనంలో నవ్వు పుట్టింది. మరునాడు అవే ప్రశ్నలు కొత్తవాటిలా మళ్ళీ వేశాడు. ఆమె చెప్పిన జవాబు ఒక్కటీ అతని చెవికెక్కలేదు.

ఆ సాయంత్రం రేవులో ఒక పడవ అడుగు పగిలి కనిపించింది. ముప్పమ్మ మేనల్లుడి నుదుటికి రాయి తగిలింది.

కొమ్మనభట్టుకు అన్నం సహించలేదు. తెల్లవారుజామున కునుకు పడితే కలలో పడవలవాళ్ళ కులదేవత కనిపించింది. "నాయనా, నేను లేనని నీ అరుగు మీద ఎందరో వాదించారు. కోపగించుకున్నానా? అడిగేవాడికి తెలుసుకోవాలని ఉంటే ఎంతైనా అడగవచ్చు. ఇతను తెలుసుకోవడానికి రాలేదు. నా బిడ్డల చావు జరిగిందో లేదో తేలని సంగతి అని జనానికి అనిపిస్తే అతనికి చాలు. అందుకు అతనికి పీట వేసింది నువ్వే. నేను వాళ్ళ బూడిద కిందే ఉన్నాను. ఎక్కడో ముప్పమ్మను అడుగు" అని చెప్పి మాయమైంది.

సంగతి తెలిసి ఊరి నాయకుడు, "పండితుడి నాలుక కోయించి పంపుతాను" అన్నాడు.

"వద్దు, దొరా," అన్నాడు కొమ్మనభట్టు. "నోటికి కత్తి చూపితే ఈ అరుగే మిగలదు. వీధిలో ఏమైనా మాట్లాడుకోనివ్వండి. పడవలవాళ్ళను కొట్టండని ఉసిగొల్పినా, ఎవరైనా రాయి ఎత్తినా మాత్రం మీ భటులు ఆపాలి."

నాయకుడు రేవులో కాపలా పెట్టించాడు.

ఆ పూట పండితుడు అరుగు దగ్గరకు రాగానే కొమ్మనభట్టు ఎదురు వెళ్ళాడు. "అయ్యా, ఈ వాదం ఇక్కడితో ఆపుతున్నాను. చచ్చినవాళ్ళ చావును పందెంగా పెట్టడానికి ఈ అరుగు ఇవ్వను."

"అంటే ఓడిపోయామని ఒప్పుకుంటున్నారా, భట్టుగారూ?"

తాతగారి కాలం నుంచి ఆ అరుగుకు అంటని మాట అది. "అలాగే చెప్పుకోండి," అన్నాడు కొమ్మనభట్టు.

పండితుడు ఆ మాటను దేశమంతా చాటాడు. నల్లేటి అరుగు నోళ్ళు నొక్కుతుందని దూరప్రాంతపు పండితులు రావడం మానేశారు. ఆ అపకీర్తిని కొమ్మనభట్టు బతికినంత కాలం మోశాడు.

ఆనాడు ఆయన నేరుగా ముప్పమ్మ గుడిసెకు వెళ్ళాడు. "అమ్మా, నిన్ను అక్కడ నిలబెట్టడం నా తప్పు."

"జవాబు చెప్పమన్నారు, వచ్చి చెప్పాను," అంది ఆమె. "ఇక రాను, అయ్యా. వినాలని ఉంటే మీరే రండి. వచ్చి కింద కూర్చోండి."

ఆయన నేల మీద కూర్చొని, బూడిద కింద ఉన్నానని అమ్మవారు కలలో చెప్పిన మాట చెప్పాడు. వెంట వచ్చిన కొందరూ కూర్చున్నారు. వారిలో బయ్యన అనే కుమ్మరి నిన్నటిదాకా పండితుడి మాటలకు తల ఊపినవాడు. "అత్తా, నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను. మా తాత కూడా అందులో ఉన్నాడా?"

"ఉన్నాడు," అంది ముప్పమ్మ. "నన్ను ఏట్లోకి తోసి బతికించినవాడు కూడా మీ ఊరివాడే. వాడి పేరు ఎవరూ అడగలేదు. కోనప్ప."

బయ్యన తల వంచుకున్నాడు. కొంతసేపటికి లేచి, గునపం తెచ్చి, అమ్మవారి గుడిసె ఎక్కడ ఉండేదో చూపించమన్నాడు. ఆమె చూపించిన చోట తవ్వితే బూడిద పొర తగిలింది. దాని కింద కరిగి ముద్దకట్టిన పసిపిల్లల కడియాలు, ఒక చెంప మాడిన ఈ విగ్రహం బయటపడ్డాయి.

కబురు విని త్రిలోచన పండితుడు నవ్వాడు. "ఎవరో పాతిపెట్టి ఉంటారు" అన్నాడు. కొద్దిమందిని వెంటేసుకొని అతను అదే మాట చెప్పుకుంటూ మరో ఊరు వెళ్ళిపోయాడు. బయ్యన మాత్రం ఇటుకలు కాల్చి అమ్మవారికి గూడు కట్టాడు. ఊరు కూర్చుని విన్న చోటు గనుక ఆ వాడకు విన్నవాడ అని పేరు వచ్చింది.

నేటికీ అరుగు మీద ఎవరైనా, దేని గురించైనా మాట్లాడవచ్చు. అమ్మవారు ఉందా లేదా అనీ అడగవచ్చు. ఎక్కబోయేవారు మాత్రం ముందుగా సన్నిధిలో నేల మీద కూర్చొని, పడవలవాళ్ళ ఆడపడుచు ఒకరు చెప్పే ఈ కథను చివరిదాకా వినాలి. మధ్యలో లేచిపోయినవారిని ఎవరూ ఏమీ అనరు. వారికి ఆనాడు అరుగు లేదు, అంతే. ఓర్పుతో విన్నవారికి వాక్శుద్ధి కలుగుతుందని, మాట రాని పిల్లలకు ఇక్కడ మాట వస్తుందని భక్తుల విశ్వాసం. కథ ముగియగానే కోనప్ప పేరిట ఒక దోసెడు నీళ్ళు నల్లేట్లో విడిచి అందరూ పైకి లేస్తారు.